రెండు కాగితాల పెళ్ళి
పద్నాలుగో భాగం

పొద్దున ఎనిమిదింటికి తొడుక్కున్న కోటు పదకొండయినా విప్పలేదు పెళ్ళికొడుకు ఇంటి పెద్దావిడ కమార్ అపా.

ముందుగదిలో బూట్లు వేసుకునే స్టూలు మీద కూర్చుంది. కాళ్ళకి బూట్లు, తలకి తెల్ల గుడ్డ, ఒళ్ళో మూట. వాళ్ళ ఊరు షియెలీ వెళ్ళే రైలు సాయంత్రం అయిదుంబావుకి గానీ లేదు. స్టేషను మా చెల్లెలి ఇంటికి ఇరవై నిమిషాలు. అయినా ఆవిడ తలుపుకేసి తిరిగి అలాగే కూర్చుంది. బయటికి పోవాలన్నా, లోపలికి రావాలన్నా ఆవిడ మోకాళ్ళు దాటుకునే పోవాలి. మా మరిది తల్గాత్ సిగరెట్లు కొనుక్కొస్తానని రెండుసార్లు లేచి, ఆ మోకాళ్ళని చూసి రెండుసార్లూ వెనక్కొచ్చి కూర్చున్నాడు.

పెళ్ళి శనివారం. ఇవాళ బుధవారం. నాలుగు వందల మందికి పిలుపులు వెళ్ళిపోయాయి. అందులో సగం మంది షియెలీ వైపు పెళ్ళికొడుకు బంధువులు, కజాఖ్‌లో తప్ప నవ్వరు. మిగతా సగం మా కరగందా వాళ్ళు, రష్యనే మాట్లాడతారు, కజాఖ్‌లో రెండు మాటలు దాటితే బిక్కమొహం వేస్తారు. వీళ్ళందర్నీ ఒక హాల్లో కూర్చోబెట్టి, రెండు భాషల్లో పెళ్ళి నడిపించాల్సింది నేను.

లోపలి గదిలో మా చెల్లెలు జౌరే గొంతు తగ్గించి అరుస్తోంది. పాతికేళ్ళు బళ్ళో పాఠాలు చెప్పింది కదా, ఆ విద్య బాగా వచ్చు.

"అసలు పిల్ల చేసిన తప్పేంటక్కా? రాత్రి అపాని, పేరూ తండ్రి పేరూ కలిపి 'కమార్ సెయితొవ్నా' అంది. మా హెడ్మాస్టర్నీ అలాగే పిలుస్తాం. డాక్టర్నీ అలాగే పిలుస్తాం. అంతకన్నా మర్యాద ఇంకేముంటుంది?"

"రష్యన్‌లో మర్యాదే. మన ఇళ్ళల్లో కోడలికి కాదు. అత్తింటి పెద్దల పేరు కోడలు నోటితో పలకదు."

"ఏ కాలం మాటలివి?"

"నీ అత్తగారిని నువ్వెప్పుడైనా పేరు పెట్టి పిలిచావా?"

"మా అత్తగారు నా పెళ్ళికి ముందే పోయారు!"

నిజమే. ఆ సంగతి మర్చిపోయాను.

మంచం మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది ఇంకార్, మా జౌరే కూతురు, శనివారం బెక్సుల్తాన్‌ని చేసుకోబోయే పెళ్ళికూతురు. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బిపోయాయి. "ఆ తండ్రి పేరు కనుక్కోడానికి రెండు వారాలు పట్టింది పెద్దమ్మా," అంది. "బెక్సుల్తాన్‌ని అడిగితే నాకేం తెలుసన్నాడు. వాళ్ళ బాబాయికి ఫోన్ చేశా. ఎక్కడ తడబడతానో అని అద్దం ముందు నిలబడి వందసార్లు చెప్పుకున్నా. ఆవిడకి నచ్చాలనే కదా ఇదంతా!"

"ఊరుకో. నేను మాట్లాడతాను."

"మాట్లాడి ఏం లాభం? ఇందాక బెక్సుల్తాన్ ఫోన్ చేశాడు. కుట్టుషాపులో ఉన్నాట్ట. అపా రాకపోతే శనివారం ఆ హాల్లో అడుగుపెట్టనన్నాడు. 'నువ్వొద్దని కాదు ఇంకార్, ఆవిడ లేకుండా నా వల్ల కాదు' అన్నాడు. ఏడుస్తూ అన్నాడు. నేనేం చెయ్యను?"

జౌరే వెళ్ళి గది తలుపు దగ్గరగా వేసింది.

మా వైపు ఎంత రష్యన్ మాట్లాడినా, కొత్త కోడలి ముసుగు తీసే పాట మాత్రం కజాఖ్‌లోనే జరగాలి. ఆ పాట అయిపోగానే పెళ్ళికొడుకు తల్లి లేచి వచ్చి కోడలి తలమీద తెల్ల గుడ్డ కప్పుతుంది. కప్పితే కోడలు. కప్పకపోతే నాలుగు వందల మంది ముందు వట్టి తలతో నిలబడ్డ పరాయిపిల్ల. ఇంకార్ తలమీద ఆ గుడ్డ కప్పేది కమార్ అపానే అని సంబంధం కలుపుకున్న రోజే అనుకున్నారు. ఎందుకు అపా, ఎందుకు తల్లి కాదు అని నేను అప్పుడు అడగలేదు. ఇరవై రెండేళ్ళుగా పెళ్ళిళ్ళు నడిపిస్తున్నదాన్ని, బుద్ధుండి అడగాల్సింది.

పాలు పోసిన టీ గిన్నెలో ఒంపుకుని ముందుగదిలోకి వెళ్ళాను. బూట్ల పెట్టె మీద, ఆవిడకి ఎదురుగా కూర్చున్నాను.

"టీ తాగండి అపా."

"తెల్ల తీపి వేశావా?"

ఎంత కోపంలోనూ ఆ మాట తప్పదు. ఆవిడ అత్తగారి పేరు షెకెర్. అంటే చక్కెర. పెళ్ళయిన నాటినుంచీ ఆ మాట ఆవిడ నోట్లోంచి రాలేదు. అత్తగారు పోయి ముప్ఫయ్యేళ్ళు దాటినా ఈవిడకింకా తెల్ల తీపే.

"వేశాను. అపా, చిన్నపిల్ల, తెలీక అనేసింది. మనసులో పెట్టుకోకండి."

"ఏమంది?"

"మీ పేరు."

అపా ఒక గుక్క తాగింది. "నా పేరు నాదే కదమ్మా. మా నాన్న పేరు కూడా కలిపింది. మా నాన్న పేరు ఒకరి నోట విని యాభయ్యేళ్ళయింది. వినడానికి బానే ఉంది."

నేను తెల్లబోయాను. "మరి ఈ కోటెందుకు?"

"నువ్వు చదివిన కాగితానికి."

"నేను చదివినదా?"

"నువ్వే. రాత్రి భోజనాల దగ్గర లేచి నిలబడి, గొంతు సవరించుకుని మరీ చదివావుగా. 'మొదటి మాట వరుడి తల్లి ఉల్బొసిన్' అన్నావు. తర్వాత పాటన్నావు. తర్వాత మేనమామలన్నావు. ఆ తర్వాత గుర్రం మాంసం వడ్డించాక, 'వరుడి నాయనమ్మ' అన్నావు. ఎవరా నాయనమ్మ?"

అప్పుడు గుర్తొచ్చింది. నేను చదవడం పూర్తయిందో లేదో, ఇంకార్ టీ గిన్నెతో లేచి ఆ పేరు పలికింది. అపా గిన్నె కింద పెట్టి వెళ్ళి పడుకుంది. అందరం పేరు దగ్గరే ఆగిపోయాం. దానికి ముందు నేనేం చదివానో ఎవరికీ గుర్తే లేదు.

"పుట్టిన నలభయ్యో రోజున వాణ్ణి తెచ్చి నా ఒళ్ళో పెట్టారు," అంది అపా. "మొదటి బిడ్డ పెద్దవాళ్ళది. మా ఇంట అదే ఆచారం. మీ ఇంటా అదే, మీ పట్నంవాళ్ళు మర్చిపోయారు. వాడికి మాటొచ్చినప్పుడు నన్నే అమ్మన్నాడు. కొడుకూ కోడలూ వాడికి అన్నావదినలు. జ్వరమొస్తే నా పక్కలో పడుకున్నాడు. పటాలంలోకి పోతే గేటు దగ్గర రెండు రోజులు నిలబడ్డాను. ఇప్పుడు మైకు పట్టుకుని నన్ను నాయనమ్మని చేస్తావా నువ్వు?"

కళ్ళనీళ్ళు పెట్టుకుంటుందేమో అనుకున్నాను. పెట్టుకోలేదు. అదింకా బాధనిపించింది.

నాకు సిగ్గేసింది. పెళ్ళి పత్రికలో పిలిచేవాళ్ళుగా అచ్చేసిన పేర్లు చూసి రాసేశాను. అపా పెంచిందని ఇంకార్ చెప్పింది గానీ, పట్నంలో నాయనమ్మ పెంచడమంటే బడినుంచి తీసుకొచ్చి సూప్ పోయడం అంతే. వీళ్ళు పిల్లాణ్ణి ఇచ్చేశారని నాకు తట్టలేదు.

"తప్పు నాది అపా. ఇప్పుడే మారుస్తాను. తల్లి చోట మీ పేరే ఉంటుంది. మొదటి మాట మీదే, గుడ్డ కప్పేది మీరే."

"రాయి. రాసి నాకు చదివి వినిపించు." పై గుండీ ఒకటి తీసింది. "అప్పుడు చూద్దాం."

కాగితాలు వంటింట్లో ఫ్రిజ్ మీదున్నాయి. ఒకటి కజాఖ్‌ది, ఒకటి రష్యన్‌ది. ఒక గీత, ఒక పేరు, పదినిమిషాల పని. ఇంకార్‌కి చెప్పి దాని మొహం చూడాలని తొందరగా ఉంది.

వంటింట్లో ఉల్బొసిన్ పొయ్యి దగ్గర నిలబడి పిండి ముద్దలు నూనెలో వేస్తోంది. పెళ్ళికొడుకుని కన్నది ఈవిడే. నలభై ఆరేళ్ళుంటాయి. వచ్చిన మూడు రోజుల్లో ఈ ఇంట్లో ఆవిడ కూర్చోగా చూడలేదు. వద్దన్నా వినకుండా గిన్నెలు కడిగేస్తుంది.

"విన్నాను అక్కా," అంది వెనక్కి తిరక్కుండానే. "మార్చేస్తారా?"

"మార్చక ఎలా? ఆవిడన్నది న్యాయమే కదా."

"న్యాయమే." జల్లెడ గరిటతో బౌర్సాకులు తీసి పళ్ళెంలో వేసింది. "రెండో కాగితంలో కూడానా?"

"ఏ రెండోది?"

"రష్యన్‌ది."

నేను పెన్ను మూత తియ్యబోతూ ఆగాను.

"మా అత్తగారికి రష్యన్ రాదక్కా. రైలు, డాక్టరు, పింఛను. ఆ మూడూ దాటి రాదు. నాకొచ్చు. స్టేషన్లో ఇరవయ్యేళ్ళు టికెట్లిచ్చాను." అప్పటికి ఇటు తిరిగింది. మొహం ఎర్రగా ఉంది, పొయ్యి వేడికో మరెందుకో. "ఆ రష్యన్ దాంట్లో నా పేరు ఉండనివ్వండి. ఒక్కసారి మైకులో 'వరుడి తల్లి ఉల్బొసిన్' అనండి. చాలు. నేను మాట్లాడక్కర్లేదు. లేచి నిలబడి కూర్చుంటాను."

"ఉల్బొసిన్..."

"నాకు వాడు మరిది లెక్క. మరిదిని కూడా పేరు పెట్టి పిలవకూడదు కదా మా ఇంట. చిన్నదొర అంటాను. 'చిన్నదొర తిన్నాడా, చిన్నదొర బడినుంచి వచ్చాడా' అని. వాడు నన్ను వదిన అంటాడు. ఇరవయ్యారేళ్ళు. వాడి పేరు నోరారా ఎప్పుడూ అనలేదు. చేను గట్టు మీద ఎవరూ లేనప్పుడు కూడా అనలేదు, తెలుసా? భయం." నవ్వబోయింది, రాలేదు. "రాత్రి మీరు చదివినప్పుడు, ఇంకో ఉల్బొసిన్ ఎవరైనా వచ్చిందేమో అని పక్కకి చూశాను."

నూనె పొగలు కక్కుతోంది. పొయ్యి నేనే తగ్గించాను.

"షియెలీ నుంచి రెండు వందల మంది వస్తున్నారు," అన్నాను. "అందులో రష్యన్ వచ్చినవాళ్ళు లేరా? నేను మైకు దించకముందే ఆవిడ చెవిలో వేస్తారు. ఆవిడ లేచి వెళ్ళిపోతే?"

"నలుగురిలో లేవదు. ఆవిడ సంగతి నాకు తెలుసు."

"ఇవాళ పొద్దున్నుంచీ మూట పట్టుకుని కూర్చుంది! నలుగురున్న ఇంట్లోనే కదా? లేస్తే ఇంకార్ గతేంటి? దాని తలమీద గుడ్డెవరు కప్పుతారు? మీ అబ్బాయి అన్న మాట విన్నారుగా, ఆవిడ లేకపోతే పెళ్ళే లేదన్నాడు."

'మీ అబ్బాయి' అన్నాను, ఆలోచించకుండా. ఆవిడ పళ్ళెం అంచు పట్టుకుని నిలబడిపోయింది.

"మీరే అన్నారు," అంది. "చూశారా, ఎంత తేలిగ్గా అన్నారో."

నాకు కోపమొచ్చింది. ఎవరిమీదని చెప్పను? ముసలావిడ అడిగిందాంట్లో తప్పులేదు, ఈవిడ అడిగిందాంట్లో తప్పులేదు. మధ్యలో పెన్ను మాత్రం నా చేతికి దొరికింది. నా మేనల్లుడి పెళ్ళో, నా పక్కింటివాళ్ళ పెళ్ళో అయితే "నాకెందుకు, మీరూ మీరూ తేల్చుకోండి" అనేదాన్ని. అక్కడ మంచం మీద కళ్ళు వాచిపోయి కూర్చున్నది నేనెత్తుకుని తిప్పిన పిల్ల.

కజాఖ్ కాగితం మీద ఉల్బొసిన్ పేరు కొట్టేసి కమార్ అని రాశాను. నాయనమ్మ అన్న లైను మొత్తం తీసేశాను. తర్వాత రష్యన్ కాగితం ముందుకు లాక్కున్నాను. పెన్ను ఆ పేరు మీద పెట్టాను. గీత గియ్యలేకపోయాను.

ఉల్బొసిన్ పిండి చేత్తోనే నా చెయ్యి ఒకసారి నొక్కి వదిలేసింది.

ముందుగదిలో అపా ఎదురుగా నిలబడి కజాఖ్ కాగితం చదివాను. మొదటి మాట, వరుడి తల్లి కమార్. ముసుగు తీసే పాట. గుడ్డ కప్పేది, వరుడి తల్లి కమార్. మామలు, పాటలు, మాంసం, దీవెన. అపా కళ్ళు మూసుకుని మొత్తం వింది. అయిపోయాక కోటు గుండీలన్నీ తీసి, మూట గోడవారకి జరిపింది. లోపల్నుంచి మా చెల్లెలు "హమ్మయ్య!" అనడం నాకు వినపడింది, అపాకీ వినపడే ఉంటుంది.

"నా పేరు పలికిన పిల్లేది? రమ్మను."

ఇంకార్ వచ్చింది. వంగి దణ్ణం పెట్టింది.

"నన్నింక ఏమని పిలుస్తావే?"

ఇంకార్ నాకేసి చూసింది. దానికి వచ్చిన కజాఖ్ మాటలే ఏరుకుని, "తెల్లమ్మ," అంది మెల్లిగా.

అపా నవ్వింది. మూడు రోజుల్లో మొదటిసారి నవ్వింది. "తెల్లమ్మట! ఎండలో చేలో తిరిగి బొగ్గయిపోయినదాన్ని. సరే, అలాగే పిలు." దాని బుగ్గలు రెండూ పట్టుకుని, ముద్దు పెట్టుకున్నట్టు వాసన చూసింది. ఇంకార్ ఆవిడ భుజం మీద పడి భోరుమంది. నా కళ్ళు కూడా చెమర్చాయి, దాచుకోడం ఎందుకు. పెళ్ళి నిలబడింది.

"ఊరుకో, ఊరుకో. ఈ బూట్లు లాగు ముందు," అంది అపా. ఇంకార్ కింద కూర్చుని ఒక బూటు లాగింది. అప్పుడు అపా చెయ్యి నాకేసి చాచింది. "ఆ రెండోది కూడా చదువమ్మా."

"అది రష్యన్ అపా. ఇదే."

"ఇదే అయితే చదవడానికేం? మాటలు తెలీకపోతే పోనీ. పేర్లయితే ఏ భాషలోనైనా అవే కదా."

వంటింటి గుమ్మంలో ఉల్బొసిన్ పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంది. నేను కాగితం మడత విప్పాను, మళ్ళీ మడిచాను. "అద్దాలు లోపలున్నాయి," అన్నాను. అద్దాలు నా ముక్కు మీదే ఉన్నాయి.

అంతలో తాళం తిరిగింది. తలుపు తోసుకుని బెక్సుల్తాన్ లోపలికొచ్చాడు. భుజాల మీద మంచు, చేతిలో సంచిలో వేలాడుతున్న సూటు. ఒంటికాలి బూటుతో ఉన్న అపాని చూసి మొహం వెలిగిపోయింది. "అపా! విప్పేశారా!"

"బెక్సుల్తాన్," అంది ఉల్బొసిన్.

గట్టిగా అనలేదు. పక్కగదిలో వాళ్ళకి వినపడి ఉండదు కూడా. కానీ ఇంకార్ చేతిలో బూటు కింద పడింది. అపా తల నెమ్మదిగా వంటింటి వైపు తిరిగింది.

"ఏంటి వదినా?" అన్నాడు వాడు, లేసులు విప్పుకుంటూ, అలవాటుగా. అని, ఒక క్షణం తర్వాత తలెత్తాడు.

ఆ ఒక్క మాటకే ఉల్బొసిన్‌కి ఉన్న ధైర్యమంతా అయిపోయినట్టుంది.

అపా కోడల్ని తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది నాకు. నా చేతిలోంచి కాగితం లాక్కుని వాడికిచ్చింది. "నాన్నా, ఈవిడ అద్దాలు దొరకడం లేదు. నువ్వు చూసి చెప్పు. ఇందులో నీ తల్లి అని ఎవర్ని రాశారు?"

వాడు చదివాడు. అంత చిన్న కాగితం, ఎంతసేపు చదివాడో. ఉల్బొసిన్‌ని చూశాడు. అపాని చూశాడు. తర్వాత నాకేసి తిరిగి, రష్యన్‌లో అన్నాడు, గొంతు బాగా తగ్గించి.

"ఇది కొట్టెయ్యకండి పెద్దమ్మగారూ. మా అమ్మే కదా ఆవిడ. అపాకి మాత్రం, మీకు దణ్ణం పెడతాను, ఇంకేదైనా చెప్పండి."

మా అమ్మ అన్నాడు. ఉల్బొసిన్‌కి రష్యన్ వచ్చు. చేతిలో పళ్ళెం అలాగే పట్టుకుని, గోడకేసి తిరిగిపోయింది. భుజాలు కదులుతున్నాయి. ఇంకార్ రెండు చేతులతో నోరు మూసుకుంది.

అపా అదంతా చూసింది. కోడలి వీపు చూసింది, ఇంకార్ చేతులు చూసింది. ఏమర్థమయిందో, ఏం కాలేదో ఆ మొహంలో నాకేం తెలియలేదు.

"వాడేమన్నాడు రౌషన్?" అని నన్నడిగింది.

ఇరవై రెండేళ్ళలో మైకు ముందు నేను తడుముకున్న రోజు లేదు. తాగినవాళ్ళ మాటలు మార్చాను, తిట్టుకున్నవాళ్ళ మాటలు మార్చాను, అటు కోపం ఇటు నవ్వు చేసి చెప్పాను. ఇప్పుడు ముక్కు మీది అద్దాలు తీసి తుడుస్తూ నిలబడ్డాను.

"చెప్పమ్మా," అంది అపా. "నీ పనే అది కదా."